ఎర్ర కోటు, వెండి మెట్టెలు

ఆగస్టు 7, 2022. ఆదివారం

ఈ రోజు కూడా బూడిదరంగు కోటే. బయట నిప్పులు చెరిగే దోహా ఎండ, మాల్ లోపల మంచు. ఆ మంచు వాలు మీద ఎర్ర కోటు వాళ్ళే స్కీ నేర్పాలి. బూడిదరంగు వాళ్ళం పడ్డవాళ్ళని లేపాలి. నిరుడంతా బూట్ల కౌంటర్లో అందరి కాళ్ళ సైజులూ చూసినదాన్ని, ఇప్పుడు ట్రైనీని. సెప్టెంబరు చివర పరీక్ష. పాసైతే ఎర్ర కోటు — ఫుట్‌బాల్ వరల్డ్ కప్ జనం దిగేసరికి నాకంటూ ఒక క్లాసు. ఫెయిలైతే మళ్ళీ బూట్ల కౌంటరే. బాపట్ల ఎండల్లో పుట్టినదానికి ఈ మంచు పిచ్చి ఎక్కడిదో! ఎక్కింది. దిగడం లేదు.

ఆగస్టు 9

యూనిఫాం రూల్స్ చదివి వినిపించారు. జుట్టు హెల్మెట్ లోపల. జిప్ మెడదాకా. కంపెనీ ఇచ్చిన తెల్ల సాక్సులే. ఎర్ర కోటు మంచు హాలు గుమ్మం దాటకూడదు, టీ తాగడానికైనా సరే. ఒంటి మీద లోహం కూడదు — పెళ్లి ఉంగరం తప్ప.

నల్లపూసలు తీసి ఇంట్లో పెట్టాను. వాలు పైకి లాగే లిఫ్టు తాడుకి చుట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అది న్యాయమే. మెట్టెలు మాత్రం తీయలేదు. సాక్సుల్లోకి ఎవరు తొంగి చూస్తారు?

ఆగస్టు 12. శ్రావణ శుక్రవారం

చూశారు!

పొద్దున పూజ, కాళ్ళకి పసుపు, ఆదరాబాదరాగా టాక్సీ. మధ్యాహ్నం బూటు విప్పితే తెల్ల సాక్సు కాస్తా పచ్చగా… మా ట్రైనర్ మిరెక్‌కి — పోలండ్ మనిషి, తాటిచెట్టంత — మొహం పాలిపోయింది. "ఇన్ఫెక్షనా? ఎప్పట్నించి?" ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పసుపు బాబూ, పసుపు, అంటే వినడే! సాక్సులు లాగేశాడు. రెండు కాళ్ళకీ వెండి మెట్టెలు, పూజ కోసం తోమిన మెరుపు.

"ఇది లోహం కదా?"

లోహమే. ఏం చెప్పను!

ఆగస్టు 14

మేనేజర్ రీమా మేడం పిలిచింది. తీసెయ్, లేకపోతే ట్రైనింగ్ మానెయ్ — అంతే. ఆవిడ వేలికి ఉంగరం. పక్కన నిలబడ్డ మిరెక్ వేలికీ ఉంగరం. నాకు ఒళ్ళు మండింది. "మీ పెళ్లి చేతికుంది మేడం, నా పెళ్లి కాళ్ళకుంది. మీదైతే రూలు, నాదైతే తప్పా?" అనేశాను. ఆవిడ వేలి ఉంగరం తిప్పుకుంది. చివరికి, "యల్లా, ఇక నడువు, పని చూసుకో. హెడ్ ఆఫీసుని అడుగుతాను."

ఇంటికొచ్చి చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "లుసైల్ కన్‌స్ట్రక్షన్ సైట్లో మా మేనేజరు ముందు నేను దగ్గడానికే భయపడతాను. నువ్వేంటే తల్లీ…"

ఆగస్టు 23

గెలిచాను! గెలిచాను! గెలిచాను!

స్టాఫ్ రూమ్ గోడకి కొత్త కాగితం. 'పెళ్లి ఉంగరం, లేదా పెళ్లికి గుర్తుగా ధరించేది ఏదైనా. దుస్తుల లోపల, వేలాడకుండా.' మిరెక్ వచ్చి చెయ్యి కలిపాడు. అత్తయ్యగారికి వీడియో కాల్ చేశాను. "ఏమే, కంపెనీ చేతే ఒప్పించావా! ఉండు, పక్కవాళ్ళకి చెప్పొస్తా" అని ఫోన్ మంచం మీద పడేసి వెళ్ళిపోయారు. చాలాసేపు వాళ్ళ సీలింగ్ ఫ్యాను తిరగడం చూస్తూ కూర్చున్నాను. దూరంగా వినిపిస్తోంది — "మా కోడలు… దోహాలో… మెట్టెల కోసం…"

సెప్టెంబరు 6

ఒక తలనొప్పి పోయి కాలినొప్పి. ఎడమకి తిరగాలంటే బరువంతా కుడికాలి మీద వెయ్యాలి. స్కీ బూటా, రాతిపెట్టె! బరువు వేస్తే చాలు, కుడి మెట్టె వేలిని కొరికేస్తోంది. ఎడమ మలుపులో పడ్డాను. లేచి మళ్ళీ పడ్డాను.

సెప్టెంబరు 13

"నీకు ఎడమవైపు అంటే భయమా?" — మిరెక్.

భయం లేదు, బొంద లేదు. పెద్ద సైజు బూటు వేసి చూశాను. కాలు లోపల ఆడుతోంది, స్కీ మాట వినడం లేదు. మెట్టెలు నొక్కుతున్నాయని చెప్పనా? అంత పోట్లాడి? రీమా మేడం ఏమంటుంది! గోడ మీద కాగితం ఏమైపోతుంది! చచ్చినా చెప్పను.

సెప్టెంబరు 20

వేలు వాచింది. వెస్ట్ బేలో టవర్ల నిండా ఆటగాళ్ళ బొమ్మలు. ఎటు చూసినా పండగ సందడి. ఆ జనమంతా వచ్చేనాటికి నేను కౌంటర్లో కూర్చుని "సైజెంత సార్?" అంటూ ఉండాలా? ససేమిరా.

సెప్టెంబరు 28. పరీక్ష

పొద్దున్నే సబ్బునురగ పెట్టి లాగాను. ఎడమది వచ్చేసింది. కుడిది రాలేదు. ఏడుపొచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"తీసేస్తున్నావా? ఇంత గొడవ చేసి?"

"వాళ్ళు తీయమంటే తీయను. నేను తీసుకుంటే తీసుకుంటాను."

ఆయన కింద కూర్చుని నా కాలు ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరినూనె రాసి మెల్లగా తిప్పారు. వచ్చింది. రెండూ చొక్కా జేబులో వేసుకుని లుసైల్ డ్యూటీకి వెళ్ళారు.

మధ్యాహ్నం —

పాస్! ఎడమ మలుపు… అబ్బ! వెన్నలో వేలు తిప్పినట్టు. నాలుగుసార్లు తిప్పించారు, నాలుగుసార్లూ తిరిగాను. ఇంకా తిప్పమంటే బాగుండు అనిపించింది! "రాత్రికి రాత్రి ఏం చేశావ్?" అన్నాడు మిరెక్. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను అన్నాను. ఎర్ర కోటు రీమా మేడం స్వయంగా తెచ్చి ఇచ్చింది. జిప్ మెడదాకా లాగాను. అద్దంలో నేనే. ఎంత బాగున్నానో!

సెప్టెంబరు 29

కోటు హాలు దాటకూడదు కదా, మంచులోంచే అత్తయ్యగారికి కాల్ చేశాను. "పెళ్లిచీర కంటే ఇదే నీకు నప్పింది" అన్నారు. తర్వాత, "మెట్టెలు జాగ్రత్త తల్లీ. కష్టపడి నిలబెట్టుకున్నావు."

ఊ అన్నాను.

అక్టోబరు 4

డ్యూటీ రోజుల్లో తీస్తున్నాను, సెలవురోజు పెట్టుకుంటున్నాను. ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఈ రోజు ఒక ఖతరీ అమ్మాయికి మొదటి పాఠం చెప్పాను. పడకుండా కిందిదాకా వచ్చి నన్ను వాటేసుకుంది. ఇక నన్ను పట్టగలరా ఎవరైనా!

అక్టోబరు 11

కొత్త ట్రైనీ, స్రవంతి. నిజామాబాద్ వైపు. కొత్తగా పెళ్లయింది, అల్ మన్సూరాలో ఉంటారట. తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చినట్టు నా వెంటే తిరిగింది.

"అక్కా, గా రూలు మీరే తెప్పిచ్చిన్రట గద! మెట్టెలు తీస్తనంటే మా అత్త నన్ను ఇల్లు దాటనియ్యకపోవు. మీ పేరు జెప్పినంక ఊకున్నది. మీరు లేకుంటే నేనేడ, గీ మంచేడ!"

గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు. మోకాళ్ళ మీద కూర్చుని ఆమె బూటు బకిల్స్ పెడుతున్నాను. మూడోది బిగించగానే మొహం ముడుచుకుంది.

"అక్కా… వేలు కాడ ఒత్తుతున్నది. మీకు నొస్తలేదా?"

పైకి చూశాను. ఎంత నమ్మకంగా చూస్తోందో! నా సాక్సులో వేళ్ళు ముడుచుకున్నాయి. "ఉండు, ఒక సైజు పెద్దది తెస్తా" అని లేచి వచ్చేశాను. పెద్ద సైజుతో పని కాదని నాకంటే ఎవరికి బాగా తెలుసు?

రేపు పొద్దున ఆమెకి మలుపులు నేను నేర్పాలి. మిరెక్ చెప్పేశాడు — ఎడమవైపుతో మొదలుపెట్టమని.