ఏ చేతికి కట్టు?

తమ్ముడూ, ఇక్కడ నేనూ నా కుట్టుమిషనూ కులాసాగానే ఉన్నాం.

నాన్న చేతికి కట్టు కట్టారని తెలిసిన దగ్గర్నుంచి మూడు రకాల వీడియో కాల్ యాప్‌లు పెట్టి చూశాను. మొదటిదాంట్లో బొమ్మ తేటగా ఉంది గానీ మాట ఆలస్యంగా వస్తోంది. అందులో కట్టు కుడిచేతికి కనిపించింది. రెండోదాంట్లో మాట గంట కొట్టినట్టుంది, బొమ్మ మాత్రం అతుకుల బొంత. అందులో కట్టు ఎడమచేతికుంది! మూడోదాంట్లో నా మొహం తప్ప ఇంకేమీ కనిపించలేదు. "ఏ చెయ్యి నాన్నా?" అని అడిగితే "ఎడమదేనమ్మా, కాస్త గీరుకుపోయిందంతే" అన్నారు. "కొన్ని యాప్‌లు అద్దంలోలాగా తిరగేసి చూపిస్తాయమ్మా" అని మా షాపు మాస్టారంటారు. సరే, తిరగేసింది ఏది? అబద్ధం యాప్‌దా, నాన్నదా? నాకు బుర్ర పనిచెయ్యడం లేదు.

కట్టు మీంచి తొడుక్కోవడానికి వీలుగా ఆయనకో చొక్కా కుడుతున్నాను. ఒక చెయ్యి పొడుగునా చీల్చి హుక్కులు పెట్టాలి. ఏ వైపో తేలక రెండు రోజులుగా కత్తెర పట్టుకుని కూర్చున్నాను.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వంటింటి కిటికీ బాగు చేయించావా? మరదలికీ పిల్లలకీ నా ఆశీస్సులు.

జవాబు నువ్వు రాయకు, నువ్వూ ఆయన పక్షమే. కార్డు మీద నాలుగు మాటలు నాన్ననే రాయమను. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు వంకర పోతే, అది కుడిచెయ్యని నాకే తెలుస్తుంది.

అక్క