అందరం బాగుందనే చెప్పాం

క్వేకర్స్ హిల్,
శనివారం

నా చిట్టిచెల్లి క్లారాకు,

నువ్వుండే వెస్ట్‌మీడ్ ఎంత దూరమని ఉత్తరం రాస్తోంది అక్క అనుకోకు. ఫోనులో నువ్వు ‘బిజీగా ఉన్నానక్కా’ అంటావు, నేను ‘సరేనమ్మా’ అంటాను. అక్కడితో అయిపోతుంది. అందుకే మీ బావ చేత పంపుతున్న చేపల పులుసు గిన్నె కింద ఇది పెడుతున్నాను.

మొన్న నువ్వు అన్నం ముందు కూర్చునే నిద్రపోయావు. పగలంతా ఆపరేషన్లు, ఆపైన ఈ పీహెచ్‌డీ. క్యాన్సర్‌కి రొమ్ము తీసేసి మళ్లీ కట్టాక మన ఆడవాళ్లు ఎలా ఉంటున్నారో కనుక్కోవడం నీ చదువు. నిన్న ఫోనులో అన్నావు: ‘అందరూ బాగుందనే అంటున్నారక్కా. ఇంక కనుక్కునేదేముంది? సోమవారం ప్రొఫెసర్‌కి మానేస్తానని చెప్పేస్తా.’ నేను సరేనన్నాను. పొద్దున ప్రార్థనకు మోకరించి లేచాక ఆ ‘సరే’ వెనక్కి తీసుకుందామని ఈ కాగితం తీశాను.

నువ్వు మానేస్తే నాకు సంతోషమే. రెండేళ్లుగా నీ చదువు తొందరగా ముగియాలనే ప్రభువుని అడుగుతున్నాను. కానీ నువ్వు మానేస్తున్న కారణం నిజం కాదు.

బాగాలేదు క్లారా. నాకూ రొమ్ము తీసేశాక వీపు కండ తీసి ముందుకు తిప్పి కట్టారు కదా. చూడ్డానికి బాగానే ఉంది. కుడిచెయ్యి మాత్రం భుజం దాటి లేవదు. కండ తీసినందుకో, రేడియేషన్‌కో నాకు తెలియదు. జడ మీ బావ వేస్తున్నారు, వంకరగా. ఆరాధనలో అందరూ చేతులెత్తితే నేను బైబిలు రెండు చేతులా పట్టుకుని నిలబడతాను.

నీ ప్రశ్నలకు జవాబు చెప్పిన జాక్లిన్ ఆంటీ కూడా అంతే. మొన్న చర్చి స్త్రీల సమాజంలో చపాతీలు వత్తలేక కర్ర నాకిచ్చేసింది. “మరి క్లారాతో బాగుందని ఎందుకు చెప్పావు?” అన్నాను. “భలేదానివే! మన పిల్ల పాసవ్వాలా వద్దా? చెడ్డగా చెబితే మార్కులు తగ్గించరూ?” అంది. పక్కనున్న ఇద్దరూ తలూపారు. వాళ్లూ నీతో మాట్లాడినవాళ్లే.

నేనెందుకు చెప్పలేదంటావా? ఆపరేషన్ చేయించుకోమని బతిమాలింది నువ్వు. కీమో రోజుల్లో నా తల ఒళ్లో పెట్టుకుంది నువ్వు. నీ మొహం చూస్తే నోరు రాలేదు.

మానేస్తావో, ఉంటావో నీ ఇష్టం. ప్రభువు నీకు ముందు నిద్రనివ్వాలి.

నీ అక్క,
అమృతం

క్వేకర్స్ హిల్,
మరుసటి ఆదివారం, సాయంత్రం

క్లారా తల్లీ,

వారమంతా నీ దగ్గర్నుంచి జవాబు లేదు, గిన్నె కూడా రాలేదు. కోపమొచ్చిందనుకున్నాను. ఇవాళ చర్చి వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ కనిపించావు.

నన్ను పలకరించనైనా లేదు. జాక్లిన్ ఆంటీ పక్కకు జరిగావు. ‘ఎలా ఉంది’ అనలేదు. “ఆంటీ, పొద్దున జాకెట్టు ఎవరు తొడుగుతున్నారు?” అన్నావు. ఆవిడ అటూ ఇటూ చూసి, “మా ఆయనే. ఆ మనిషికి హుక్కులు దొరకవు. రోజూ తగువే” అంది. అందరూ నవ్వారు. ఇక ఎవరూ ఆగలేదు. ఒకరికి పై అర అందదు, ఒకరు తడిబట్టలు తీగమీద వెయ్యలేరు. “చెబితే నీ డిగ్రీ పోదు కదమ్మా?” అని మధ్యమధ్యలో అడుగుతూనే చెప్పారు. “చెప్పకపోతేనే పోతుంది ఆంటీ” అన్నావు.

కారు దగ్గర నాతో అన్నావు: “అడగాల్సింది అడగలేదక్కా. మళ్లీ మొదటినుంచి అడగాలి. మానేస్తానని చెప్పడానికి వెళ్లి ప్రొఫెసర్‌కి ఇదే చెప్పాను. ఇంకో రెండేళ్లు.” నీ కళ్లకింద నలుపు చూస్తూ రెండేళ్లని వింటే నాకే నీరసమొచ్చింది. నన్నూ లెక్కలో వేసుకోమంటే, “సొంత అక్కని వేసుకోకూడదు. నీ చేతికి కావల్సింది ఫిజియోథెరపీ. మంగళవారం నేనే తీసుకెళ్తా” అని కసిరావు. తర్వాత నన్ను కారు సీట్లో కూర్చోబెట్టి నా జడ విప్పి మళ్లీ వేశావు. అంత పెద్ద సర్జన్‌వి, నువ్వూ వంకరగానే వేశావు.

అక్కడ చెప్పలేక ఇది రాస్తున్నాను. నీ చదువు ముగియాలని అడిగిన ప్రార్థనని నేనే నీకు నిజం రాసి పాడుచేసుకున్నాను. ఇక అది అడగను. నువ్వు నిలబడాలని అడుగుతాను. చెయ్యెత్తకపోయినా ఆయన వింటారు.

మంగళవారం వచ్చేటప్పుడు గిన్నె తీసుకురా.

నీ అక్క,
అమృతం