గాలున్నదంటే చాలనుకున్నాను

గోడాదరా, సూరత్
12 జూలై 2020, ఆదివారం

నా భాగీరథికి,

సోమలింగం ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, గోడ మీది బల్లీ. అక్కడ నువ్వూ, బిడ్డా, మీ అమ్మ బుచ్చవ్వ అత్తా చల్లగా ఉండాలి.

నీ ఉత్తరం మొన్న శుక్రవారం అందింది. అన్నిటికీ జవాబు రాస్తాను, తిట్టినవాటికి కూడా. వంట చేసుకుంటున్నాను. పప్పు మాడుతోంది, అయినా తింటున్నాను. రోగం నన్ను ముట్టలేదు. నేత సాంచాలు జూన్‌లో పదిహేను రోజులు నడిచి మళ్లీ ఆగిపోయాయి. ఎవరితోనైనా పంచాయతీ పెట్టుకున్నావా అని అడిగావు. ఒక్కరితోనే పెట్టుకున్నాను, అదీ ఒక ఆటకారు గురించి. నవ్వకు, చెబుతాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "ఆడపిల్ల పుట్టిందని అలిగినవా? ఫోన్ చేస్తే ఊ, సరే, మంచిది అని పెట్టేస్తున్నవు. తొమ్మిదేండ్లకు పుట్టిన బిడ్డ మీద గింత కోపమా?" అని రాశావు. అక్కడ కాగితం మీద సిరా చెదిరింది. ఏడ్చావని తెలుసు. కోపం లేదు భాగీ, నీ మీద ఒట్టు. మరి ఎందుకలా చేశానో నేరుగా రాయడానికి చేయి ఆడటం లేదు. కారు సంగతితో మొదలుపెడితేనే అక్కడికి చేరగలను.

పక్కింటి రాజలింగం కూతురు తేజశ్రీ తెలుసు కదా, మార్చిలో నువ్వు పురిటికి బయలుదేరినప్పుడు రైల్లోకి రొట్టెలు కట్టిచ్చిన పిల్ల. ఇంజనీరింగ్ కాలేజీ మూతపడ్డాక తోచక, ఎవరి దగ్గరో పాత రిమోట్ కారు కొన్నది. చిన్నపిల్లల బొమ్మ అనుకునేవు! మూరెడు పొడుగు, నేలకు ఆనుకుని పరుగెత్తే రేసు కారు. నాలుగు చక్రాలకూ నాలుగు షాకులు, ఒక్కొక్కటి నా చిటికెనవేలంత. పైన స్ప్రింగు, లోపల నూనె, ఆ నూనెలో పైకీ కిందికీ ఆడే కడ్డీ. స్కూటరుకు ఉండేవే, కాకపోతే బుల్లివి. మలుపు తిరిగితే చాలు, కారు బోర్లా పడేది.

"మామా, జర చూడవా? సబ్ కుచ్ చేసిన, ఫిర్ భీ ఎగురుతున్నది," అని తెచ్చి నా ముందు పెట్టింది.

ఇరవై రెండేళ్లుగా సాంచాలు బాగుచేస్తున్నవాణ్ని, ఇదెంత అనుకున్నాను. మన డబ్బాలోని సాంచాల నూనె తీసి నాలుగింట్లోనూ పోశాను. మూడో రోజుకు లోపలి రబ్బరు రింగులు ఉబ్బిపోయి కడ్డీలు కదలనన్నాయి. "అరె మామా! దీంట్ల సిలికాన్ నూనె పోయాలె. తేల్ అంటే అన్నీ ఒకటేనా?" అని పిల్ల నెత్తి కొట్టుకుంది. కొత్త రింగులూ, అసలు నూనే తెప్పించింది. ఈసారి స్ప్రింగులన్నీ గట్టిగా బిగించాను, వదులుగా ఉన్నది ఏదైనా నాకు గిట్టదు కదా. కారు కప్పలా గెంతింది. కుడివైపూ ఎడమవైపూ సమానంగా ఉండాలని, పైనుంచి వదిలితే మెత్తగా కూర్చోవాలని ఆ పిల్లే నాకు నేర్పింది. ఈ వయసులో శిష్యరికం!

నూనె పోశాక కడ్డీని మెల్లగా ఆడిస్తే బుడగలు పైకొస్తాయి. అన్నీ పోయాకే మూత బిగించాలి. గాలి మిగిలిపోతే కడ్డీని నొక్కినప్పుడు లోపల పిచ్ పిచ్‌మంటుందట, ఆ షాకు సరిగా పనిచేయదట. ముందరి ఎడమ షాకు నా చేతిలో ఉంది. తేజశ్రీ మాస్కు కట్టుకుని ఎడంగా కూర్చుంది. నేను నొక్కుతుంటే ఏదో అంది. చాలు మామా అన్నట్టు తోచింది, మూత బిగించాను. మళ్లీ ఏదో అంది. సరే సరే అన్నాను.

మేడ మీద పరుగెత్తించాం. మొదటి మలుపులోనే కారు పల్టీకొట్టి పిట్టగోడకు గుద్దుకుంది.

"నువ్వే చాలన్నవు కదనే!" అని ఇంతెత్తున లేచాను. పంచాయతీ అంటే ఇదే. ఆ పిల్ల మాత్రం తక్కువ తిన్నదా? మాస్కు కిందికి లాగి నా మీదికొచ్చింది.

"చాలనలే మామా! గాలున్నది అన్న! మూడుసార్లు చెప్పిన!"

ఆ షాకు ఊడదీసి నా చెవి దగ్గర పెట్టి నొక్కింది. "ఇనబడుతున్నదా?" అని అడిగింది. పెదాలు చూశాను కనుక ఆ మాట తెలిసింది. నొక్కుతూనే ఉంది. నాకేమీ వినబడలేదు. అప్పుడు మాస్కు పైకి లాక్కుని ఏదో అంది. ఆమె కళ్లకేసి చూస్తూ నిలబడ్డాను. మాస్కు కిందికి దించి, మెల్లగా చెప్పింది: "ఏం లేదు మామా, అత్త పేరు అడిగిన." అత్త అంటే నువ్వే.

నాకు చెవుడు వచ్చింది భాగీ. రాసేశాను.

ఖాతా షెడ్డులో సాంచాల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, పెదాలు చూసే మాట్లాడుకుంటాం. ఇంట్లో నువ్వు ఎదురుగా కూర్చునేదానివి, నీ ముఖం చూస్తూ మాట్లాడేవాణ్ని. చెవులు ఎప్పుడు పోయాయో నాకే తెలియలేదు. మాస్కులు వచ్చాక జనమంతా గొణుగుతున్నారని తిట్టుకున్నాను. ఫోనులోనేమో పెదాలు కనబడవు, మీ అమ్మది బటన్ల ఫోనాయె. ఏంది, ఏంది అని రెండుసార్లు అడిగాక మూడోసారి అడగాలంటే సిగ్గు. ఊ అంటే గండం గడిచేది. నాలుగు నెలలుగా ఊ కొడుతున్నాను. చప్పుడు విని సాంచా జబ్బు చెబుతాడని నాకున్న పేరు నీకు తెలుసు. సేఠ్‌కు తెలిస్తే ఉంచుతాడో లేదో అని భయం కూడా ఉంది.

తర్వాత ఆ షాకును వేలితో నొక్కి చూశాను. గాలి ఉన్నచోట కడ్డీ ఒక్క క్షణం ఖాళీలోకి జారుతుంది, అది వేలికి తెలిసింది. గాలి తీసి మళ్లీ బిగించాను. కారు ఇప్పుడు పడటం లేదు. రేపు తేజశ్రీ నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. "కండ్లకు అద్దాలు పెట్టుకుంటలేరా, చెవికి మిషన్ పెట్టుకుంటే ఏంది మామా?" అంది. పెట్టుకుంటాను.

ఒక్కటి మిగిలింది. దీన్ని రాయడానికే పొద్దుటి నుంచి కూర్చున్నాను. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున ఫోన్ చేసి ఏదో అడిగావు. "మంచిగున్నది, అదే పెట్టుండ్రి" అన్నాను. ఏది మంచిగున్నదో నాకు తెలియదు. నీ ఉత్తరంలో దొరుకుతుందేమోనని నాలుగుసార్లు చదివాను, అంతా బిడ్డ బిడ్డ అనే రాశావు. "పేరేం పెట్టిండ్రు?" అని రాజలింగం రోజూ అడుగుతున్నాడు. వినబడనట్టు లోపలికి వెళ్లిపోతున్నాను.

నన్ను తర్వాత తిడుదువు గానీ, ముందు ఒక కార్డు ముక్క మీద రాసి పంపు. మన బిడ్డ పేరేంది, భాగీ?

ఇట్లు,
దాని బాపు
సోమలింగం