పడవ ముందు ఆడిన చైనా బొమ్మ

శనివారం, రాత్రి

చేసింది తప్పో ఒప్పో తెలియడం లేదు. పోర్టుకు వచ్చిన ఓడలో వంటచేసే చైనా ఆయన అక్కడే పనిచేసే మా ఆయనకు ఇచ్చిన, దారాలు లాగి ఆడించే కొయ్యబొమ్మను సండేస్కూల్లో పిల్లలకు బైబిలు కథ చెప్పేటప్పుడు దావీదుగా ఆడిస్తున్నాను. తమ ఊళ్లో కొత్త ఇల్లు కడితే ముందు ఇలాంటి బొమ్మనే ఆడిస్తారని, దేవుడు అందులోకి దిగి కీడును తరిమేస్తాడని, ఆట అయ్యాక ఆయన్ను సాగనంపాలని ఆ వంటాయన చెప్పాడట. ఆ మాట పక్కింటి పోలమ్మక్కతో నవ్వుతూ చెప్పింది నేనే.

ఈ సాయంత్రం అక్క వచ్చింది. పోయిన తుపానులో ఆమె పెద్దకొడుకు చేపలవేటకు వెళ్లి తిరిగి రాలేదు. రేపు చిన్నవాడు కొత్త పడవను సముద్రంలోకి దించుతున్నాడు.

“ఇంటికైతే ఏంది, పడవకైతే ఏంది సునీతా? ఒక్కసారి ఆడించు. నీ దేవుడు ఏమన్నా అంటే నా పేరు చెప్పు,” అన్నది.

కాదనలేకపోయాను. ఒడ్డున పడవ ముందు బొమ్మను ఆడిస్తూ లోలోపల యేసయ్యనే తలుచుకున్నాను. అక్క మాత్రం బొమ్మకు చేతులు జోడించింది. ఆట ఆపగానే, “సాగనంపమ్మా, అట్టే వదిలేస్తే ఎట్టా?” అన్నది. బొమ్మ వైపు తిరిగి, “పోయిరాండి సామీ,” అన్నాను. అక్క కళ్లు తుడుచుకుని పడవను నిమిరింది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే, “కొయ్యబొమ్మకు ఇంత ఆలోచన ఎందుకు? పడుకో,” అని మా ఆయన అటు తిరిగాడు. నేను మోకరించి, చిన్నవాడు క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థించాను. కానీ ఒడ్డున నేను పోయిరమ్మన్నది ఎవరినో, ఆ మాట నా నోట అంత భక్తిగా ఎలా వచ్చిందో…