బెల్లం దిమ్మంత బరువు

ఒసే సత్యవతీ, ఇయ్యాల నీ సంవత్సరీకం. పొద్దున్నుంచి నాకు ఒకటే నవ్వొత్తంది, దాని వెనకాలే నీ మీద ఒళ్లు మండుకొత్తంది.

మన పిల్ల పైడమ్మ పన్నెండు కేజీలు తగ్గిందే! నీకున్న షుగరే దానికీ వచ్చిందని తెలిసి నేను బెంగెట్టుకున్నాను. అది మాత్రం రోజూ స్టేషన్ దాకా నడిచింది. రెండేసి కేజీలు తగ్గినప్పుడల్లా తనకి తానే ఓ బహుమానం ఇచ్చుకుంది. ఓసారి గోళ్లరంగు, ఓసారి పువ్వుల చున్నీ. తినేది మాత్రం ఒక్కటీ నేదు.

నువ్వూ నడిచేవు. ఇంటికి రాగానే, "ఇంత దూరం నడిచేను కదా, ఓ ముక్క తింటే తప్పేటి?" అని బెల్లం డబ్బా మూత తీసేదానివి. డాక్టరు తిడితే మానేవా? కాలి వేలు తీసేసినాకైనా మానేవా? ఆ బెల్లం మార్కెట్ నుంచి తెచ్చిపెట్టిన ఎదవని నేనే. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోను?

ఆఖరి బహుమానం ఏటో తెలుసా? నేను దిమ్మలు మోసిన మార్కెట్‌కే నిన్న నన్ను తీసుకెళ్లి, పన్నెండు కేజీల బెల్లం దిమ్మ రెండు చేతులా ఎత్తింది. "నాన్నా, ఇంత బరువు నా ఒంట్లో ఉండేదా!" అని ఆయాసపడి దించేసింది. "మావా, నీ కూతుర్ని రేపట్నుంచి పనిలోకి పంపీ" అని దిమ్మలు మోసే కళాసీలు ఒకటే నవ్వులు. నేను మాత్రం ఏడిసేసేను.

నీ ఫోటో ముందు బెల్లం పెట్టొద్దని పిల్ల గట్టిగా సెప్పింది. అది నడకకెళ్లేక ఓ ముక్క పెట్టేను. తిను. ఇంక నీకేటవుద్ది?