ముందు వెతికే ఫోల్డర్

జూన్ 3
లిఫ్ట్ తలుపు మళ్లీ మనిషిని నొక్కేసింది. ఈసారి మా మెకానిక్‌నే. కుడిచేతి వేళ్లు విరిగాయి. తలుపును నడిపే కోడ్ లైబ్రరీలో ఆ తప్పును నేను పోయిన నెలే సరిచేశాను. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించాకే ఇలా జరిగిందని మేనేజర్ అందరి ముందూ అన్నాడు. నా పేరెత్తలేదు, చూపు మాత్రం నా మీదే. ఒళ్లు మండిపోయింది.

జూన్ 4
నా మెషిన్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ను టెస్ట్ లిఫ్ట్‌లో ఎక్కిస్తే చెయ్యి తగలగానే తలుపు వెనక్కి పోతోంది. లిఫ్టులకు వెళ్లే ప్రోగ్రామ్ తయారయ్యే ఆఫీసు సర్వర్‌లో కంపైల్ చేస్తే పోవడం లేదు. కోడ్‌లో అక్షరం తేడా లేదు. మా ఆయన భోజనానికి రమ్మంటే విసుక్కున్నాను. పాపం, ఆయనేం చేశాడు.

జూన్ 5, ఉదయం
దొరికింది.
ప్రోగ్రామ్‌కు లైబ్రరీలను జతచేసే లింకర్ ఫోల్డర్లను వరసగా వెతుకుతుంది. పేరు కలిసిన ఫైల్ మొదట ఎక్కడ కనిపిస్తే దాన్నే తీసుకుంటుంది. మిగతావాటి జోలికి పోదు. ఏ ఫైల్ తీసుకుంటున్నావో చెప్పమని అడిగాను. చెప్పింది. మేనేజర్ సొంత ఫోల్డర్! ఎప్పుడో డెమో కోసం దాన్ని సర్వర్ సెర్చ్ పాత్‌లో, అంటే లింకర్ వెతికే ఫోల్డర్ల వరసలో, అన్నిటికన్నా ముందు పెట్టుకున్నాడు, తియ్యలేదు. అందులో ఉన్నది పాత లైబ్రరీ. నేను సరిచేసింది వెనక ఫోల్డర్‌లో దిక్కులేకుండా పడి ఉంది.
ఆ ఫోల్డర్ పేరున్న ఒక్క లైన్ తీసేసి సర్వర్‌లో మళ్లీ కంపైల్ చేశాను. టెస్ట్ లిఫ్ట్ తలుపు వెనక్కి పోయింది. దాని ముందే నిలబడి ఏడ్చాను. సంతోషంతో కాదు.

సాయంత్రం
మేనేజర్‌కు చూపించాను. ముఖం పాలిపోయింది. లైన్ తీసేశావు కదా, ఇక వదిలెయ్యి, రిపోర్ట్‌లో సాంకేతిక కారణమని రాయి అన్నాడు. చెల్లెలిలాంటిదానివి అని కూడా అన్నాడు. చెల్లెల్నట. మొన్న అందరి ముందూ నిలబెట్టినప్పుడు ఈ వరస గుర్తురాలేదు కాబోలు.

జూన్ 6
రిపోర్ట్ రాయలేదు. రాయను.

జూన్ 9
మీటింగ్‌కు డైరెక్టర్ మేడమ్ వచ్చారు. మేనేజర్ లేచి, ఇది టీమ్ అందరి పొరపాటు అని మొదలుపెట్టాడు. నోరు మూసుకుని కూర్చుందామనే వెళ్లాను. నావల్ల కాలేదు.
"అందరిదీ కాదండీ. ఆ ఫోల్డర్ మీది. ముందు పెట్టిందీ మీరే."
గొంతు వణికింది. కోపంతో వణికినా భయమనే అనుకుంటారు. అనుకోనీ. లింకర్ చెప్పినదంతా స్క్రీన్ మీద పెట్టాను. సరైన ప్రోగ్రామ్ ఎక్కించేదాకా లిఫ్టులన్నీ ఆపమని మేడమ్ చెప్పారు. మేనేజర్‌ను ఆ పని నుంచి తప్పించారు. నా కోపం వీసమెత్తు తగ్గలేదు.

జూన్ 12
మెకానిక్ ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ అతని చొక్కా గుండీలు పెడుతోంది. నా తప్పు కాదని అతనికి తెలిసిందట. గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. నేను తలుపు దగ్గరికి వేస్తుంటే చెయ్యి గభాలున వెనక్కి లాక్కున్నాడు.
మామూలు చెక్క తలుపు.