దీపం పెట్టే వేళ

ఈ ఉదయం నానమ్మ దీపం పెట్టే గూట్లో చీమలు బారు కట్టాయి. తడబడకుండా ముప్పై రెండు వరకు లెక్కపెట్టాను. కాబట్టి సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఉంటున్న, కీ.శే. పురుషోత్తం కూతురు కల్పలత అనే నేను, తెలివి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా వయసు ముప్పై నాలుగు. గుండె డాక్టరు చెప్పినదాన్నిబట్టి ఇదే నా ముసలితనం.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నా బడి స్నేహితురాలు ఆలిస్‌ది. నా పుస్తకాలన్నీ ఆమెకే. అంచుల్లో పెన్సిలుతో రాసుకున్నవి నవ్వకుండా చదవాలి.

2. ఈ ఇంట్లో నా సగం వాటా మా అన్న తిరుమల్‌కు సర్వహక్కులతో చెందాలి. నాలుగేళ్లుగా ఆయన కాప్రా నుంచి ఇటు రాలేదు. కారణం నేను.

3. నాలుగేళ్ల కింద మంచు పరిశోధకుల రికార్డులు రాసే పని మీద ఆర్కిటిక్‌లో ఒక ద్వీపానికి వెళ్లాను. "నేను దీపం పెట్టే యాళ్లకు రోజు ఫోన్ చెయ్ బిడ్డా" అన్నది నానమ్మ కమలాబాయి. రెండు వారాలు చేశాను. తర్వాత అక్కడ వసంతం వచ్చింది, సూర్యుడు అస్తమించడం మానేశాడు. వేళ తెలియలేదు. మంచు కింద నీళ్లు కదిలే చప్పుడు వింటూ చదువుకునేదాన్ని. ఎవరూ గుర్తుకు రాలేదు. అంత సుఖం మళ్లీ దొరకలేదు. సూర్యుడు అస్తమించని పదకొండో రోజు నానమ్మ పోయింది, ఫోన్ ఒళ్లో పెట్టుకొని.

ఎన్నిసార్లు చేసినా కలవలేదని అందరికీ చెప్పాను. దినాల నాడు మేనత్త స్వర్ణలత అన్నను నిలబెట్టి, "మా అమ్మకు ఫోన్ రీచార్జ్ సుత చెయ్యకపోతివేందిరా" అన్నది. "చేసిన అత్తమ్మా, జెర ఇనుండ్రి" అన్నాడు. ఎవరూ వినలేదు. నేను పక్కనే చాపలు మడత పెడుతున్నాను.

ఆయన రీచార్జ్ చేశాడు. నేను ఫోన్ చేయలేదు.

4. నానమ్మ ఇత్తడి కుందులు మేనత్తకు. ఇచ్చే ముందు ఆలిస్ మూడో అంశాన్ని బంధువులందరి ముందు ఆమెకు చదివి వినిపించాలి. మధ్యలో లేచిపోతే మళ్లీ మొదటినుంచి చదవాలి.

5. నా చేతి గడియారం అన్నకు.

తేదీ: 11 ఫిబ్రవరి 2026
సంతకం: కల్పలత
సాక్షులు: రాఘవేందర్ (కింది అంతస్తు దర్జీ), జెరెమియా (పక్కింటి రిటైర్డ్ టీచరు)

వస్తువుల వివరం: గడియారం నడుస్తోంది. ద్వీపంలో ఉన్నన్నాళ్లూ దాన్ని అక్కడి టైముకు మార్చలేదు. హైదరాబాద్ టైమే చూపించింది.